అమ్మ పూనిన కారు

శ్రావణం వచ్చిన మొదటి రోజు పొద్దున్నే అంజన్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. మధ్యాహ్నం దాకా కారుకు ఛార్జింగ్ పెట్టాలి, వికారాబాద్ వెళ్లాలి, ఆషాఢమంతా పుట్టింట్లో ఉన్న కొత్త పెళ్లాం స్రవంతిని లాల్‌దర్వాజాకు తెచ్చుకోవాలి.

మామ బసవయ్యకు ఆ సెకండ్ హ్యాండ్ కరెంటు కారంటే మొదటినుంచీ గిట్టదు. "నడిమిట్ల ఆగితె నా బిడ్డ దిగి తొయ్యాల్నా? ఇయ్యాల పొద్దుగూకేలోపు గా బండి మా వాకిట్ల కనవడాలె. లేకుంటె పిల్లను మళ్ల దసరాకే తోలిస్త" అని ఫోన్లో ఖరాఖండీగా చెప్పేశాడు. నెల రోజులుగా ఫోన్లోనే కాపురం చేస్తున్న అంజన్‌కు ఆ మాటతో గుండెల్లో రాయి పడింది.

అంజన్ అద్దెకుండేది మేడ మీద, కారు నిలిచేది కింద సందులో. ఇంటి ఓనరు సుశీలమ్మ కింద సాకెట్ పెట్టనివ్వలేదు. లీకైన కరెంటు నేలలోకి దిగిపోయేలా ఉప్పు, బొగ్గు పోసి ఎర్తింగు పెట్టడానికి వాకిట్లో గుంత తవ్విస్తానంటే అసలే ఒప్పుకోలేదు. "మా ఆయన ఏపిచ్చిన బండలు. ఒక్కటి కదిలిచ్చినా ఇల్లు ఖాళీ చెయ్యి" అంది. చేసేది లేక అంజన్ తన గదిలోని టీవీ ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగాడు. అది చాలకపోతే దానికి ఇంకోటి తగిలించి, అతుకును పాలకవరుతో చుట్టి, గోడ మీదుగా కిందికి వదిలాడు. విప్పకుండా మిగిలిన వైరు చుట్టను వానకు తడవకూడదని మంచం కింద దుప్పట్లో దాచాడు.

ఛార్జరు మీద ఎర్రదీపం కొట్టుకుంది. ఎర్తు లేదని దాని మొర. అంజన్ ఫోన్లో ఒక వీడియో చూసి, ప్లగ్గు విప్పి, లోపల చిన్న వైరుముక్క కలిపి, ఎర్తు ఉన్నట్టే అనిపించేలా ఛార్జరు కళ్లకు గంతలు కట్టాడు. పచ్చదీపం వెలిగింది. మనవాడు తన తెలివికి తనే మురిసిపోయాడు.

అక్కడి నుంచి ఆ ఇంటి తీరు మారింది. ఫ్యాన్లు మూలుగుతూ తిరిగాయి. సుశీలమ్మ పూజగదిలో ఎర్రబల్బు ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు తగ్గుతూ పెరుగుతూ ఉంది. మబ్బుపట్టి, తుంపర పడుతూ, పట్టపగలే సందంతా మసక కమ్మింది. రోజూ కారు పక్కన పడుకునే కుక్క తడి ముక్కును చక్రం ఇనుప రిమ్ముకు ఆనించి, కుయ్యోమని అరిచి, మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. కరెంటు తగ్గినప్పుడల్లా ఛార్జింగ్ ఆగి, కారు తనంతట తనే దీపాలు వెలిగించి కీచుమనేది. లోపల మాత్రం ఎవరూ లేరు.

సందులో పాలు పోసే కొమురమ్మ అమ్మవారి గుడి నుంచి ఉత్త కాళ్లతో వస్తోంది. బోనాలు అయిపోయి వారం కాలేదు. కారుకు బోనాల నాడు పెట్టిన పసుపు కుంకుమ చూసి, భక్తిగా, గీతలు పడి రేకు తేలిన బానెట్ మీద చెయ్యి పెట్టింది. ఒళ్లంతా ఒక్కసారిగా వణికింది.

"అమ్మా... తల్లీ!"

"ఏమైంది కొమురవ్వా?" అంటూ సుశీలమ్మ ఉరికి వచ్చింది.

"గిండ్ల అమ్మ ఉన్నదే! చెయ్యి వెడితె నరాలల్లకెల్లి గుంజింది!"

సుశీలమ్మ చెప్పులు విడిచి ఒక వేలు ఆనించింది. ఆమెకూ జివ్వుమంది. ఆ తర్వాత ఆ సందులో చెప్పులతో నిలబడ్డవాళ్లు లేరు.

బ్యాటరీ ఎంతకీ ఎక్కడం లేదేమని మధ్యాహ్నం అంజన్ దిగివచ్చేసరికి కారు చుట్టూ జనం. అద్దానికి వేపరెమ్మలు, టైర్ల కింద నిమ్మకాయలు, వైరుకు పూలదండ. అంజన్ రబ్బరు చెప్పులు విడవకుండానే కారును చేత్తో ముట్టి చూశాడు. "ఏం లేదు గదా!"

"చెప్పులేసుకొని ముడితె అమ్మ పలుకుతదారా?" అని కసిరింది కొమురమ్మ.

విడిచి ముట్టాడు. మోచేతి దాకా ఝుమ్మంది. అందరికీ అమ్మ కనిపించిన చోట అంజన్‌కు తను కలిపిన వైరుముక్క కనిపించింది.

"జరుగుండ్రి! ఎవ్వలు ముట్టొద్దు! అమ్మ గాదు, కరెంటు! నేను జేసిన తప్పు!"

"అమ్మను కరెంటంటవా? కండ్లు పోతయ్!" అంది సుశీలమ్మ. వైరు లాగబోతే నలుగురు అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే కారు కళ్లు తెరిచి కీచుమంది. సందంతా హోరెత్తింది.

ఆ హోరులోకే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి స్రవంతి, వెనకే మూతి ముడుచుకున్న బసవయ్య దిగారు.

"పొద్దుగూకేదాక ఎవలు జూస్తరని బస్సెక్కిన. నాయిన ఎంబడి ఉరికొచ్చిండు. ఏంది, గీ లొల్లి?" అంది స్రవంతి.

"కొత్త కోడలు శానా మంచి గడియల వచ్చింది! చెప్పులిడువు బిడ్డా, రెండు చేతులు పెట్టు" అంటూ కొమురమ్మ ఆమె కాళ్ల మీద చెంబెడు పసుపునీళ్లు పోసింది.

తడి కాళ్లు. రెండు చేతులు. అంజన్ చొక్కా చెయ్యి వాళ్ల గుప్పిట్లోనే వదిలేసి మెట్ల మీదికి పరుగెత్తాడు. గది నిండా పొగ. దుప్పట్లో వైరు చుట్ట రాజుకుంటోంది. ప్లగ్గు లాగితే కరిగి సాకెట్‌కు అతుక్కుపోయింది, వేళ్లు కాలాయి. వరండాలోకి దూకి మెయిన్ స్విచ్ కిందికి కొట్టాడు. ఫ్యాన్ల మూలుగు ఆగిపోయింది. పిట్టగోడ మీద నుంచి కిందికి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. చూశాడు.

స్రవంతి రెండు చేతులూ బానెట్ మీదే ఉన్నాయి. అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

"ఏమైతలేదు గదా?" అంది స్రవంతి.

కొమురమ్మ తనూ ముట్టింది. మళ్లీ ముట్టింది. ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసి, "కోడలు ముట్టంగనే అమ్మ శాంతమైంది!" అని సాగిలపడింది. అప్పటిదాకా గొణుగుతున్న బసవయ్య కూడా, ఎందుకైనా మంచిదని, సొంత కూతురికి చేతులు జోడించాడు.

స్రవంతి పైకి వచ్చేసరికి అంజన్ దుప్పటి మీద పూలకుండీల మట్టి కుమ్మరించి గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఉన్నదంతా చెప్పేశాడు. "నీకేమన్నయితే..." అని ఏడ్చేశాడు. ఆమె అతని కాలిన వేళ్లను నీళ్లలో పెట్టి చాలాసేపు పట్టుకుంది.

"ఇంకోపారి నాకు చెప్పకుంట ప్లగ్గు విప్పినవంటె, అమ్మ గాదు, నేనే పూనుత" అంది.

కిందికి దిగి అందరికీ నిజం చెప్పింది. ఎవరూ వినలేదు. అప్పుడు అమ్మ పూనినట్టు గొంతు మార్చింది. "అయితె అమ్మకు వాకిట్ల గుంత గావాలె. ఉప్పు, బొగ్గు పొయ్యాలె. ఎలక్ట్రీషియన్ వచ్చి కారుకు వేరే లైను గుంజాలె. గప్పటిదాక ఎవ్వలు ముట్టొద్దు."

ఆమె మాట పూర్తయ్యేలోపే సుశీలమ్మ గడ్డపార తెచ్చి, మొగుడు వేయించిన బండను తనే లేపింది.

ఆ ఇంట్లో ఇప్పుడు స్రవంతిని అడగకుండా ఎవరూ స్విచ్ వెయ్యరు. అంజన్‌ను మాత్రం అడిగినా వెయ్యనివ్వరు.