లోపలికి ఏమీ పోలేదు

రంజాన్ నెలలో జనంతో ఏ పని చేయించుకోవాలన్నా పొద్దున్నే చేయించుకోవాలి. మధ్యాహ్నం దాటితే తలలు వాలిపోతాయి, ఉపవాసం విడవమని పేల్చే ఇఫ్తార్ ఫిరంగి వేళ దగ్గరపడే కొద్దీ మాటలు కరుకెక్కుతాయి. నైలు డెల్టాలోని ఆ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పే డాక్టర్ ఇన్షిరాహ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఆ రోజు పొద్దున్నే మాస్కుల పరీక్ష మొదలుపెట్టి, మధ్యాహ్నపు జుహ్ర్ నమాజుకల్లా ముగించి, ఆ తర్వాత వచ్చే తనిఖీ అధికారి చేత ప్రయోగశాల తాళం తీయించాలని లెక్క వేసుకుంది.

ఆ తాళం పడింది చలికాలంలో. రీహామ్ అనే పరిశోధక విద్యార్థిని ఆమ్లం పొగ పీల్చి బల్ల పక్కనే కుప్పకూలిపోయింది. ఆమె ముఖానికి మాస్కు ఉంది. ఉంటే ఏం లాభం, పక్కల నుంచి గాలి దూరే మాస్కు. పిల్ల కోలుకుంది గానీ, గది మూతపడింది, ఆమె పరిశోధన ఆగిపోయింది. ఈ నెలలోనైనా గది తెరవకపోతే ఏడాదంతా గంగలో కలిసినట్టే. ఆ అమ్మాయి నేల మీద పడి ఉన్న దృశ్యం గుర్తొస్తే ఇన్షిరాహ్‌కు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొత్త మాస్కులు ఓడరేవులో పడి పడి సరిగ్గా రంజాన్‌కే వచ్చాయి. ముక్కూ నోరూ కప్పే రబ్బరు మాస్కులు అవి. అవి ముఖాలకు బిగుతుగా అతుక్కుంటున్నాయని పరీక్షలో తేలితేనే గది తెరుస్తారు. ఆ పరీక్ష కష్టమైనదేమీ కాదు. మాస్కు పెట్టుకున్న మనిషి తల మీద పారదర్శకమైన ముసుగు బోర్లించి, అందులోకి చేదు మందు తుంపరగా కొడతారు. నోటికి చేదు తగిలితే మాస్కు కారుతున్నట్టు, తగలకపోతే బిగుతుగా ఉన్నట్టు. దానికి ముందు మాస్కు లేకుండా ఓసారి చేదు చూపించి, నాలుక పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి. ఆ మొదటి మెట్టు దగ్గరే అందరూ మొండికేశారు. తమ నాలుకలు ఎంత బాగా పనిచేస్తాయో నిన్నటి ఇఫ్తార్‌కే తెలిసిందని, దైవభయం ఉన్నవాళ్ల చేత పగలు రుచులు చూపించవద్దని అన్నారు. అధికారి వచ్చే వేళవుతోందని ఇన్షిరాహ్ దాన్ని వదిలేసింది.

ముందుగా శాఖాధిపతి డాక్టర్ తుహామీ వచ్చాడు. గడ్డం మీద మాస్కు అతుక్కోదని, గీసుకుని రమ్మని ఇన్షిరాహ్ వారం నుంచి అందరికీ చెబుతూనే ఉంది. అది పిల్లల కోసం చెప్పిన మాట అనుకున్నాడో ఏమో, ఆయన గుండెల దాకా దిగిన గడ్డంతోనే వచ్చి కూర్చున్నాడు. ఉపవాసం చెడదు కదా అని అడిగాడు.

"మాస్కు సరిగ్గా అతుక్కుంటే లోపలికి ఏమీ పోదు డాక్టరుగారూ. ఇక చెడేదేముంది?" అంది ఆమె.

నిజానికి ఆ మాటలో తప్పేమీ లేదు. కొంప ముంచింది మాత్రం అదే.

తుంపర కొట్టగానే తుహామీ కళ్లలో నీళ్లు తిరిగాయి. మెడ నరాలు పొంగాయి. మూతి వంకర పోయింది.

"ఏమైనా తెలిసిందా?"

"అల్‌హమ్దులిల్లాహ్. లోపలికి ఏమీ పోలేదు."

ముసుగు తీయగానే ఆయన కుళాయి దగ్గరికి పరుగున వెళ్లి చాలాసేపు పుక్కిలించి వచ్చాడు. నమాజు కోసం ముఖం, చేతులు కడుక్కుని వజూ చేసుకున్నానని అన్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ అదే వరస. ముఖాలు ఆముదం తాగినట్టున్నాయి, నోళ్లు మాత్రం ఏమీ లేదంటున్నాయి. చేదు తగిలిందంటే ఉపవాసం పోయిందని పదిమందిలో ఒప్పుకున్నట్టే కదా. ఇన్షిరాహ్ ఎంత గదమాయించినా లాభం లేకపోయింది. పొగ మీ ఊపిరితిత్తుల్లోకి పోతుందయ్యా, దానికి మీ భక్తితో పని లేదు అని చెప్పి చూసింది. వాళ్లు ఆమెను జాలిగా చూశారు.

కబురు వరండా దాటింది. పరీక్ష నెగ్గినవాళ్లను స్నేహితులు కౌగిలించుకుని మీ ఉపవాసం స్వీకరించబడుగాక అంటున్నారు. మహ్రూస్ అనే ప్రయోగశాల సహాయకుడు ముసుగులో దగ్గాడని తెలిసి, పండగయ్యాక ఆ ఒక్క రోజు ఉపవాసం మళ్లీ ఉండు, దేవుడు దయామయుడు అని అతన్ని ఓదార్చారు. అతను మళ్లీ వరసలో నిలబడి, ఈసారి ఊపిరి బిగబట్టి నెగ్గాడు. కాసేపటికి జీతాల విభాగం వాళ్లు కూడా వచ్చారు. వాళ్లు పుట్టి బుద్ధెరిగాక ఆమ్లం సీసా మొహం చూసినవాళ్లు కాదు. మా ఉపవాసం గట్టిదో కాదో మాకు మాత్రం తెలియనక్కర్లేదా అని వాళ్ల వాదన. ఇన్షిరాహ్ తుంపర సీసాను బల్ల మీద ఠపీమని పెట్టింది. చదువుకున్నవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, ఒక పిల్ల చావు తప్పి బయటపడటం కళ్లారా చూసినవాళ్లు ఇలా అబద్ధాలాడుతుంటే ఎవరితో చెప్పుకోవాలి?

ఇంతలో తనిఖీ అధికారి హిల్మీ రానే వచ్చాడు. అందరూ నెగ్గారని తుహామీ గర్వంగా చెప్పాడు. హిల్మీ ఆయన గడ్డం వంక చూశాడు. ఒకసారి మాస్కు వంక చూశాడు. మళ్లీ గడ్డం వంక చూశాడు.

"మరి పరీక్ష చేసే డాక్టరమ్మకు ఎవరు చేశారు?" అని అడిగాడు.

ఎవరూ చేయలేదు. ఇన్షిరాహ్ ధీమాగా మాస్కు పెట్టుకుని ముసుగులో తల దూర్చింది. హిల్మీ తుంపర కొట్టాడు. కొట్టీ కొట్టగానే నాలుక మీద చేదు భగ్గుమంది. తొందరలో తల మీది గుడ్డ అంచు మాస్కు కింద ఇరుక్కుపోయింది. అలా ఇరుక్కోకూడదని పొద్దుటి నుంచి ఆడపిల్లలందరికీ చెప్పింది తనే.

చుట్టూ అంతా గుడ్లప్పగించి చూస్తున్నారు. వాకిట్లో రీహామ్ నిలబడి ఉంది. చేదని చెబితే గది తెరుచుకోదు, ఆ పిల్ల ఏడాది పోతుంది. పైగా పొద్దుటి నుంచి తను తిట్టిన వాళ్లందరి ముందూ పరువు పోతుంది. ఏమీ లేదు అనడం ఎంత సులువో ఆమెకు అప్పుడు మొదటిసారి తెలిసింది. ఆ సులువు తెలిసినందుకు తన మీద తనకే మండిపోయింది.

"చేదు. విషంలా ఉంది" అంది.

వెనక ఎవరో, పాపం డాక్టరమ్మ ఉపవాసం పోయింది అని నిట్టూర్చారు.

"పోలేదు" అన్నాడు హిల్మీ. "వంట చేసేవాళ్లు ఉప్పు చూసి ఉమ్మేస్తే ఉపవాసం పోతుందా? నాలుకకు తగిలితే ఏమీ కాదు, మింగకపోతే చాలు. బయల్దేరే ముందు మతధర్మం చెప్పే ముఫ్తీ గారిని అడిగే వచ్చాను. ఇన్ని చోట్లు తిరిగాను గానీ, అందరూ నెగ్గిన చోటు ఎక్కడా చూడలేదు. ఇక్కడ నమ్మదగ్గ పరీక్ష ఏదైనా ఉందంటే ఈవిడదే. మిగతావన్నీ మళ్లీ పెట్టండి."

ఇన్షిరాహ్ గుడ్డ సర్దుకుని మళ్లీ కూర్చుంది, ఈసారి చేదు తగల్లేదు. రీహామ్ మాస్కు లేకుండా చేదు చూసి ఉమ్మేసి, మాస్కు పెట్టుకుని నిజంగానే నెగ్గింది. హిల్మీ తాళంచెవి ఇన్షిరాహ్ చేతిలో పెట్టి, ప్రస్తుతానికి గది మీ ఇద్దరికే అన్నాడు. రీహామ్ కళ్లు తుడుచుకుంది. ఇన్షిరాహ్‌కు మాత్రం కోపం తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే శాఖ మొత్తం వరసలో నిలబడింది. చేదన్న మనిషికే తాళంచెవి దక్కిందని రాత్రికి రాత్రే అందరికీ తెలిసిపోయింది. తుహామీ తుంపర పడీ పడకముందే చేదు అన్నాడు. మహ్రూస్ చేదో చేదు అన్నాడు. జీతాల విభాగం వాళ్లయితే ఇంత చేదు జన్మలో ఎరగమని ప్రమాణాలు చేశారు.

ఇన్షిరాహ్ ఆ రోజు సీసాలో పోసింది కుళాయి నీళ్లు.