ఏకగ్రీవ మురుగు

వాట్‌గంజ్ తెలుగు బస్తీకి మహర్దశ పట్టిందని కామ్రేడ్ నిత్యగోపాల్ దాదా ఆదివారం పొద్దున్న మైకులో ప్రకటించారు. ఇన్నాళ్ళూ చౌరంగీ వారి మురుగూ, అలీపూర్ వారి మురుగూ దిక్కూ మొక్కూ లేకుండా గంగపాలవుతోందిట. ఇకమీదట అదంతా నేరుగా మా బస్తీ మైదానానికే వేంచేస్తుంది. దాన్ని శుద్ధి చేసే ప్లాంటు అక్కడే కడతారు.

"పెద్దింటివాళ్ళు ఇంతకాలం మీకేమీ ఇవ్వలేదు. ఇప్పుడు ఇవ్వబోతున్నారు!" అన్నారు దాదా.

ఆ మాట తెలుగులో చెప్పింది నేనే. ఓడరేవు డాకుల్లో పనిచేసే మావాళ్ళకి బజారు బెంగాలీ శుభ్రంగా వచ్చు. దాదా మీటింగుల్లో మాట్లాడే బెంగాలీ మాత్రం బెంగాలీలకే రాదు. అంచేత నాకు పక్కన నిలబడే భాగ్యం దక్కింది.

చప్పట్లు కొట్టకుండా మొహం వేలాడేసుకుంది మా పెద్దమ్మ కాసులమ్మ ఒక్కర్తే. ఆవిడ మనవరాలు మంగాదేవి పెళ్ళి ఫాల్గుణంలో. మా ఇళ్ళల్లో నలుగురు కూచుంటే అయిదోవాడు వీధిలో నిలబడాలి. అంచేత పెళ్ళయినా, చావు భోజనాలయినా ఆ మైదానంలోనే. పైగా వియ్యాలవారు బడ్జ్ బడ్జ్ జూటు మిల్లువాళ్ళు. అసలే ముక్కుమీద కోపం. ఆ ముక్కుకి ఈ వాసన కూడా తగిలిందంటే లగ్నం దాకా ఆగుతారా?

మర్నాడు బస్తీ పెద్ద గవరయ్య పార్టీ ఆఫీసుకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

"దాదా, మమ్మల్నొక్క మాటడక్కండా ఎలాగెట్టేత్తారు?"

"అడగబోమని ఎవరన్నారు? ప్రజాభిప్రాయం తీసుకుంటాం. శంకుస్థాపన రాయి మీద 'ప్రజల కోరిక మేరకు' అని ఇప్పటికే చెక్కించాం కూడా."

"మా కోరిక వొద్దనే కదా!"

దాదా లేచి ఆయన్ని కావలించుకున్నారు. "శభాష్! వ్యతిరేకించడం మీ జన్మహక్కు. కానీ మీ అంతట మీరు వ్యతిరేకిస్తే అది అరాచకం. పార్టీ వెనకాల నిలబడి వ్యతిరేకిస్తే ఉద్యమం. గురువారం ఎస్ప్లనేడ్ దాకా ఊరేగింపు తీద్దాం."

"ఎవల మీద దాదా?"

"ఢిల్లీ మీద."

"ఢిల్లీ ఏటి సేసింది?"

"ఈ ప్లాంటుకి నిధులివ్వడం లేదు."

"మరి ఢిల్లీ ఇచ్చేత్తే ఇక్కడ కట్టీయరా?"

"అందుకే ఉద్యమం తీవ్రంగా ఉండాలి!"

ఇంత లోతైన మాటని తెలుగులోకి తేవడం నా తరం కాలేదు. చేతులు తిప్పి ఊరుకున్నాను.

గురువారం బస్తీ మొత్తం కదిలింది. రాని ఇంటి రేషను కార్డు గురించి దాదా బెంగ పెట్టుకుంటారు. ఆయన్ని బెంగపెట్టడం ఎవరికిష్టం? కుంటివాళ్ళూ, బాలింతలూ కూడా వచ్చారు. దాదా ముందు నడుస్తూ ఏదో ఒకటి అనేవారు. మేం వెనకనించి "చొల్బే నా!" అనేవాళ్ళం. అంటే సాగదని. ఆయనేం అన్నా సాగదనే అన్నాం. మధ్యలో గవరయ్య ఒక్కడూ "మా మైదానం మాకొగ్గీండి!" అని తెలుగులో గొంతు చించుకున్నాడు. దాదా వెనక్కి తిరిగి ఎంతో మెచ్చుకోలుగా పిడికిలెత్తారు.

సాయంకాలం అందరం గొంతులు పోయి, కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాం. మైదానంలో షామియానా విప్పుతున్నారు. నడిమధ్య నల్లరాయి, దాని మీద బంతిపూల దండ. జీపెక్కబోతున్న ప్లాంటు ఇంజనీరు దాదా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ప్రజాభిప్రాయ సేకరణ దిగ్విజయంగా ముగిసింది దాదా. హాజరైన ప్రజలు ఏకగ్రీవంగా ఆమోదించారు."

"ప్రజలేటి!" అన్నాడు గవరయ్య, మిగిలిన కాస్త గొంతుతో. "ప్రజలందరం ఈయనెనకాలే కదా ఉన్నాం!"

"నానున్నాన్రా ఇక్కడ" అంది మా పెద్దమ్మ.

మోకాళ్ళ నొప్పులని ఊరేగింపుకి ఎగ్గొట్టింది ఆవిడొక్కర్తే. రాయి పక్కన మడతకుర్చీలో మహారాణిలా కూచునుంది. ఒళ్ళో మిఠాయి పొట్లం. మొహం వెలిగిపోతోంది.

"పెద్దమనుసులు జీపుల్లో వొచ్చినార్రా. నన్ను సెయ్యట్టుకుని తెచ్చి కుర్సీలో కూకోబెట్టినారు. ఒకడు మైకులో సాలాసేపు సెప్పి, ఆపీసి నాకేసి సూసినాడు. మైకాగితే సెయ్యెత్తాల గదా? ఎత్తినాను. అందరూ సప్పట్లు కొట్టీసినారు. పొటో కూడా తీసినారు."

"వోలమ్మా, ఆల్లేటడిగినారో తెలుసా నీకు?" అన్నాడు గవరయ్య.

"తెలీకేటి? మన మంగాదేవి పెళ్ళిపందిరి సంగతి. ఇక్కడేసుకుంటాను బాబూ అని దాదానడిగితే, మీటింగులో తేల్చేత్తాం అన్నాడు కాదా? తేల్చీసినారు."

గవరయ్య రాయి పక్కనే చతికిలబడిపోయాడు. పెళ్ళికూతురు తలొంచుకుని గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. దాదా చూస్తున్నారు గనక ఆనందబాష్పాలని చెప్పాను.

"గుంజలు ఎటేపు పాతుకోమంటాడో అడగరా బాబూ. ఈ రాయొకటి అడ్డంగా ఎట్టీసినారు" అంది పెద్దమ్మ.

ఉన్నదున్నట్టు దాదాకి చెప్పాను. దాదా కదిలిపోయారు. ఆవిడ ముందు వంగి, రెండు చేతులూ జోడించి, పిన్నీ అని వరస కలిపి, బెంగాలీలో ఒక్క మాటన్నారు.

"తప్పకుండా, మాషీమా. దాని మీద త్వరలోనే మీటింగు పెడదాం."

అని ఆగారు.

నేనింకా తెలుగులో చెప్పనేలేదు. మీటింగన్న ముక్క ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. మిఠాయి పొట్లం జారిపోకుండా ఎడంచేత్తో పట్టుకుని, మా పెద్దమ్మ కుడిచెయ్యెత్తింది.