గల్లీ పేరు మారిస్తే పోలా!

పేర్లు మార్చే ప్రభుత్వాలను తిట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండిపోదూ! ఊరి పేరు మారిస్తే గోల. స్టేషన్ పేరు మారిస్తే గోల. రోడ్డు వేయరు గానీ పేరు మాత్రం మారుస్తారని చాయ్ బండి దగ్గర ఒకటే సణుగుడు. అయ్యా, రోడ్డుదేముంది? కాస్త కంకర, కాస్త తారు ఉంటే ఎవడైనా వేస్తాడు. రెండు వానలకు అది కొట్టుకుపోతుంది. పేరు కొట్టుకుపోతుందా? మరి ఏది ముఖ్యమో మీరే చెప్పండి!

ప్రపంచాన్ని చూసైనా బుద్ధి తెచ్చుకోవద్దూ? సిలోన్ శ్రీలంక అయింది. సయాం థాయ్‌లాండ్ అయింది. ఆఫ్రికాలో అప్పర్ వోల్టా అనే దేశం ఉండేది. ఒక అధ్యక్షుడొచ్చి దాన్ని బుర్కినా ఫాసో అన్నాడు. నిజాయతీపరుల దేశమని దాని అర్థం. అంతే! మామూలు మనుషులుగా పడుకున్న జనం తెల్లారేసరికి నిజాయతీపరులై లేచారు. కొత్తగా ఒక్క జైలైనా కట్టే పని లేదు. ఇంతకంటే చవకైన పరిపాలన ఎక్కడైనా ఉందా?

ఈ రహస్యం కనిపెట్టిన మహానుభావుడు ఒకాయన ముంబై పక్కన భివండీలో ఉన్నాడు. పేరు విఠల్. శాంతినగర్‌లో ఒక సన్నటి గల్లీ, ఆ గల్లీలో ఇల్లు, ఇంటి కింద ఆరు సాంచాలు. మరమగ్గాలను మనవాళ్లు సాంచాలనే అంటారు. తాతల కాలంలో జగిత్యాల పక్క నుంచి వచ్చిన కుటుంబం. బట్ట నేయడం ఆయన వృత్తి. దేశాలకు పేర్లెలా వచ్చాయో తెలుసుకోవడం ఆయన పిచ్చి.

ఆ పిచ్చి ఎక్కించింది ఫోను. పొద్దున ముఖం కడగకముందే ఒక దేశం పుట్టుక చూస్తాడు. చాయ్ చల్లారేలోపు ఇంకో దేశం. చూసింది ఊరికే పోనిస్తాడా? సాంచాల సంఘం గ్రూపులో పెడతాడు. గ్రూపులో ఎవరూ చదవరు, అందరూ దండం పెడతారు. కామెరూన్‌కు ఆ పేరు రొయ్యల వల్ల వచ్చిందని తెలిసిన రోజైతే ఆయనకు అన్నం సయించలేదు. ఎవడో పోర్చుగీసువాడు నదిలో రొయ్యలు చూశాడట! సైన్యం, ఫుట్‌బాల్ టీము అన్నీ ఉన్న దేశం ఇవాళ్టికీ రొయ్యల పేరు మోస్తోందట! వచ్చినవాడు పేరు పెట్టడమేంటి, ఉన్నవాళ్లను అడగొద్దా?

ఆయన కడుపుమంటకు ఇంకో కారణం కూడా ఉంది. ఆయన ఉండే గల్లీని భివండీ అంతా 'ఆంధ్రా గల్లీ' అంటుంది. రిక్షావాడు అదే అంటాడు, పాలవాడు అదే అంటాడు. తెలంగాణ వచ్చి పదేళ్లు దాటినా ఆంధ్రా గల్లీయే!

ఇంట్లో ఈ చరిత్ర పాఠాలన్నీ వినే ఏకైక విద్యార్థిని భార్య రాజమణి. నూలు కండెలు చుడుతూ వినేది.

"అర్జెంటీనా అంటే ఏందో ఎర్కేనా రాజమణీ? వెండి దేశం!"

"అబ్బో! మస్తు వెండి దొరికిందా ఆడ?"

"యాడిది! దొరుకుతదనుకొని పోయిన్రు."

"మరేం దొరికింది?"

"పేరు దొరికింది గదా!"

రాజమణి ఇంకో కండె అందుకుంది. ఆమె మనసంతా వెండి మీద కాదు, మోరీ మీద ఉంది.

గల్లీ మొదట్లో రోడ్డుకూ గల్లీకీ మధ్య ఒక మురుగు మోరీ పారుతుంది. పోయినేడు వానల్లో దాని మీది బండ విరిగింది. విరిగిన సంగతి నీళ్ల కింద ఎవరికీ కనపడలేదు. ముందుగా కనిపెట్టింది విఠల్ తల్లి లస్మవ్వ. కనిపెట్టడం అంటే, తొడ దాకా కాలు అందులోకి పోయింది! ఎముక విరగలేదు గానీ గుండె జారిపోయింది. గల్లీవాళ్లు చెక్కలు వేసి చూశారు. తోపుడు బళ్ల మీద వచ్చే, నూలు చుట్టిన బీముల బరువుకు అవి పటపట విరిగాయి. తర్వాత పిల్లలు దూకడం నేర్చుకున్నారు, ఆడవాళ్లు కుచ్చిళ్లెత్తి దాటడం నేర్చుకున్నారు. లస్మవ్వ మాత్రం ఆ వయసులో ఏం దూకుతుంది?

అంతకుముందు ఆమె రోజూ సాయంత్రం వరాలా తలావ్ దాకా నడిచి వెళ్లేది. అక్కడ చెరువు గట్టు మీద ఓదెమ్మ ఉండేది. ఇద్దరిదీ ఒకే ఊరు. కోడళ్ల గురించి చెప్పుకోవలసింది చెప్పుకొని, నవ్వుకొని చీకటి పడేముందు తిరిగొచ్చేవారు. ఇప్పుడా తలావ్ ఆమెకు కెనడా కంటే దూరం. సాయంత్రమైతే చాలు, చెప్పులేసుకొని మోరీ దాకా వచ్చి, అవతలి ఒడ్డు చూసి, మెల్లగా వెనక్కి తిరుగుతుంది. చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది.

చివరికి ఒకరోజు రాజమణి మొగుణ్ని తలుపు దగ్గర నిలబెట్టి, ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలిచి చెప్పింది. "నగర్‌సేవక్ ఆఫీసుకు పో. ఒక్క బండ అడుగు. బండ తప్ప ఇంకో మాట తియ్యకు, నమ్రత బాపూ! నీ దేశాలు ఇంట్లనే పెట్టిపో."

విఠల్ బుద్ధిగానే బయల్దేరాడు. ఆఫీసులో నగర్‌సేవక్, అంటే కార్పొరేటరు, లేడు. ఆయన తరఫున అన్నీ చూసే భీమ్‌రావు ఉన్నాడు. మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, చాయ్ చెప్పాడు. అంతా సవ్యంగా సాగుతుండగా నోరు జారాడు.

"బోలో విఠల్ శేఠ్! క్యా చల్ రహా హై ఆంధ్రా గల్లీ మే?"

ఇక ఆగుతాడా విఠల్? కెనడా నుంచి మొదలుపెట్టాడు. పరాయి నావికుడు అక్కడివాళ్లు పల్లెకు వాడే మాట విని దేశం మొత్తానికి అదే పేరు తగిలించిన సంగతి చెప్పాడు. కొలంబస్ కాలే పెట్టని దేశానికి కొలంబియా అని పేరొచ్చిన అన్యాయం చెప్పాడు. నీళ్లలో నిలబెట్టిన ఇళ్లను చూసి ఎవరో చిన్న వెనిస్ అంటే ఒక దేశం వెనెజువెలా అయిపోయిందని చెప్పాడు. ఆ లెక్కన జులైలో శాంతినగర్ కూడా వెనెజువెలాయే, కానీ అది కాదు విఠల్ చెప్పొచ్చిన విషయం. తెలంగాణ మనుషులుండే గల్లీని ఆంధ్రా గల్లీ అనడం చరిత్రకు ద్రోహం!

భీమ్‌రావు మొదట ఆవలించాడు. పోనుపోను ఆయన ముఖం వెలిగిపోయింది. ఎందుకు వెలగదు? బండ వేయాలంటే ఎస్టిమేటు కావాలి, టెండరు కావాలి, ఇంజనీరు కావాలి, కాంట్రాక్టరు కావాలి, కాంట్రాక్టరు బావమరిది కావాలి. పేరు మార్చాలంటే? ఒక బోర్డు, రెండు పైపులు, ఒక కొబ్బరికాయ! లేచి విఠల్ చెయ్యి పట్టుకొని ఊపేశాడు. "సాహెబ్ సే బాత్ కరతా హూఁ. నామ్ బదల్ గయా సమఝో!" పేరు మారిపోయినట్టేనట!

విఠల్ గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. "రాజమణీ! మన గల్లీ పేరు మారుతున్నది!"

"బండ?"

విఠల్ చేతిలోని చెప్పు చేతిలోనే ఉండిపోయింది. "బండ... యాది మర్చిన."

పాఠకులారా, ఆ ఇంట్లో తర్వాత ఏం జరిగిందో రాయడం మర్యాద కాదు. చివర్లో విఠల్ బుర్కినా ఫాసోను అడ్డం పెట్టుకొని తప్పించుకోబోయాడు. పేరు మారితే బతుకు మారుతుందన్నాడు. రాజమణి ఊరుకుందా? "గట్లయితే గా మోరీకే బండ అని పేరు పెట్టు. దాని మీదికెళ్లి నడుచుకుంట పోతం!" అంది.

పేరు మార్చాలంటే ప్రజాభిప్రాయం కావాలి కదా! భీమ్‌రావు స్వయంగా గల్లీకి వచ్చాడు. సభ విఠల్ సాంచాల షెడ్డులోనే జరిగింది. సభ కోసం సాంచాలు ఆపితే బట్ట ఎవడు నేస్తాడు? అందుకని అవి ఆడుతుండగానే ప్రజాస్వామ్యం నడిచింది. సాంచాల మధ్య బతికినవాళ్లకు ఒక అలవాటుంది. ఆ మోతలో ఎవడేం చెప్పినా వినపడదు. వినపడలేదని మాటిమాటికీ అడిగితే పని సాగదు. కాబట్టి ఎదుటివాడి పెదాలు కదిలితే చాలు, తలూపేస్తారు. భీమ్‌రావు కాగితం తీసి గొంతు చించుకొని ఏదో చదివాడు. పనివాళ్లు తలూపారు. పక్క షెడ్డువాళ్లు తలూపారు. అందరికంటే గట్టిగా విఠల్ తలూపాడు. ఏకగ్రీవం!

బోర్డు ఆవిష్కరణ శుక్రవారం సాయంత్రం పెట్టారు. ఆ రోజు సాంచాలకు సెలవు, మనిషి మాట మనిషికి వినపడే రోజు. బయల్దేరేముందు ఇస్త్రీ చొక్కా వేసుకుంటూ కూడా విఠల్ పాఠం ఆపలేదు.

"ఫిలిప్పీన్స్‌కు స్పెయిన్ రాజు కొడుకు పేరు పెట్టిన్రు. ఆ పిలగాడు ఎన్నడూ గా దీవుల మొఖమే చూడలె!"

"మరి ఆడ ఉండేటోళ్లను అడగలేదా?"

"ఎవడడుగుతడే! పాపం, పిచ్చోళ్లు."

మోరీ అవతల, రోడ్డు పక్కన రెండు పైపులు పాతి బోర్డు బిగించారు. మనిషి పొడవుంది. మీద గులాబీ గుడ్డ. భీమ్‌రావు గుడ్డ మీదనుంచే దాన్ని చేత్తో చరిచి చూపించాడు. "ఏక్ నంబర్ లోఖండ్ హై శేఠ్! హాథీ ఖడా కరో, కుఛ్ నహీ హోగా!" ఏనుగునెక్కించినా వంగని ఇనుమట. ముందు ముందు పనికొచ్చే మాట, గుర్తుంచుకోండి.

కొబ్బరికాయ కొట్టారు. గుడ్డ లాగారు. పెద్ద పెద్ద మరాఠీ అక్షరాల్లో 'కుమార్ వైభవ్ మార్గ్' అని ఉంది. అట్టడుగున, బోల్టు పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో 'తెలంగాణ గల్లీ'.

"వైభవ్ ఎవలు?" అంది రాజమణి.

వైభవ్ నగర్‌సేవక్ గారి పెద్దకొడుకు. ఈ గల్లీలో ఎన్నడూ కాలు పెట్టినవాడు కాదు. ఆవిష్కరణకు కూడా రాలేదు. విఠల్ ముఖం పాలిపోయింది. "యే కైసా నామ్ హై?" అని అడిగితే భీమ్‌రావు ఆశ్చర్యపోయాడు. మొత్తం చదివి వినిపించాను కదా శేఠ్, మీరే కదా అందరికంటే గట్టిగా తలూపింది!

దేశదేశాల పేర్ల అన్యాయాలన్నీ తెలిసిన మనిషి! తన గల్లీకి అదే జరుగుతుంటే ఎదురుగా నిలబడి తలూపాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

సరిగ్గా అప్పుడే గల్లీలోంచి లస్మవ్వ వచ్చింది. పెట్టెలోని మంచి చీర కట్టుకుంది. కొత్త చెప్పులు వేసుకుంది. చేతిలో కర్ర, కొంగున ఓదెమ్మ కోసం కాసిన్ని పుట్నాలు. మోరీ దగ్గర కొబ్బరికాయ కొడుతున్నారని ఎవరో చెప్పగా విన్నది. కొబ్బరికాయ దేనికి కొడతారు? బండ వేసినందుకే కదా! మోరీ దాకా వచ్చి ఆగింది. కిందికి చూసింది. నల్లటి నీళ్లు ఎప్పటిలాగే పారుతున్నాయి.

"బండ ఏదిరా కొడుకా?"

విఠల్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. భీమ్‌రావు ఎక్కి వెళ్లిన స్కూటరు మలుపు తిరిగేదాకా విఠల్ ఆగాడు. తర్వాత మోరీ దూకి షెడ్డులోకి పోయి సాంచె బోల్టులు విప్పే పానా పట్టుకొచ్చాడు. బోర్డు విప్పడం మొదలుపెట్టాడు. పనివాళ్లు వింతగా చూసి, ఆ తర్వాత చెయ్యి వేశారు. నలుగురు కలిస్తే గానీ లేవలేదు. భీమ్‌రావు అబద్ధం చెప్పలేదు మరి!

పేరు పైకి వచ్చేలా మోరీ మీద పరవబోతుంటే రాజమణి ఆపింది. "రంగు దిక్కు నున్నగున్నది, అత్త కాలు జారుతది. పేరు కిందికి పెట్టున్రి."

అలాగే పెట్టారు. లస్మవ్వ ముందు కర్రతో తట్టి చూసింది. ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. మధ్యలో ఆగి, నిలబడ్డచోటనే ఒకసారి కాలితో తొక్కి చూసింది.

"మంచిగున్నది. ఎవలిచ్చిన్రు బిడ్డా?"

"వైభవ్ అని ఒక పిలగాడు, అవ్వా," అన్నాడు విఠల్.

"సల్లగుండనీ," అని ఆమె అవతలి ఒడ్డెక్కి తలావ్ దారి పట్టింది. ఆ సాయంత్రం ఓదెమ్మతో ఎంతసేపు మాట్లాడిందో గానీ, చీకటి పడ్డాక విఠలే వెళ్లి తీసుకురావలసి వచ్చింది.

వారం తిరిగాక భీమ్‌రావు వచ్చాడు. స్కూటరు ఆ ఇనుప పలక మీదే ఆపి, ఖాళీ పైపులను చూసి గుండె బాదుకున్నాడు. "బోర్డ్ కౌన్ లే గయా?" ఎక్కడికీ పోలేదు సాబ్, గల్లీవాళ్లందరూ రోజూ దాని మీదే ఆధారపడి ఉన్నారని విఠల్ చెప్పాడు. భీమ్‌రావుకు అర్థం కాలేదు. సాహెబ్‌కు తెలిస్తే తన పని అయిపోతుందని భయపడి, చెప్పాపెట్టకుండా ఇంకో బోర్డు చేయిస్తానన్నాడు. అప్పటికే పక్క గల్లీ ఆడవాళ్లు చుట్టూ మూగారు. వాళ్ల గల్లీ పేరు కూడా ఏం బాగోలేదట, తక్షణం మార్చాలట!

కనుక పాఠకులారా, పేర్లు మార్చేవాళ్లను ఇక మీదట ఒక్క మాట అనకండి. మార్చనివ్వండి! గల్లీలవి మార్చండి, ఊళ్లవి మార్చండి, దేశాలవి కూడా మార్చండి. ఎవరి కొడుకు పేరు పెట్టుకున్నా ఇక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు. పెద్దలకు ఒక్కటే విన్నపం. ఇనుము మాత్రం మందంగా ఉండేలా చూడండి. పక్క గల్లీలో మోరీ ఇంకాస్త వెడల్పు!