గౌరవ్వ ఇంటి ముందు ఆగిన బ్యాండు

ఆ రోజు పొద్దున జిలానీ వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. కామారెడ్డిలో మొదటి బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లాలి. సిద్ధిరాములు కూతురి పెళ్లి ఎదుర్కోళ్లలో తాను రాసిన సంగీతాన్ని మార్కండేయ బ్యాండు మేళం చేత వాయింపించాలి. పెళ్లి భోజనం చేసి ఇంటికి రావాలి. ఇంతోటి పనికి మనిషి తెల్లారినప్పటి నుంచీ ఒక్కచోట నిలబడలేదు. చాయ్ సాసర్ మీద దరువు, తలుపు చెక్క మీద దరువు, చివరికి భార్య రఫియా రొట్టెలు చేస్తున్న పీట మీద కూడా దరువే.

"నీ చేతులల్ల ఏం దూరిందో ఏమో! పిండి మీద గూడ వాయిస్తవా?" అని రఫియా కసిరింది.

"ఇయ్యాల ఒక్కరోజు ఓర్చుకో. మంది మొత్తం వింటే చాలు, నా బతుకు మారుతది."

"వింటరో, లేచిపోతరో! మా సలీమ్ భాయ్ దుబాయ్‌ల డ్రైవర్ కొలువు చూసి పెట్టిండు. ఇయ్యాల ఒక్కరన్న ఇది మళ్లొకసారి వాయించుమని అడిగితే నేను దుబాయ్ మాట ఎత్తను. అడగకుంటే నువ్వు పాస్‌పోర్టుకు ఫొటో దిగాలె. సరేనా?"

జిలానీ సరేనన్నాడు.

జిలానీ అసలు డ్రమ్ములు వాయించేవాడు. బొంబాయి హోటళ్లలో జాజ్ ఫ్యూజన్ బృందంతో ఏళ్ల తరబడి వాయించాడు. శాక్సోఫోన్ ఒక దారి, సితార్ ఒక దారి పోతుంటే మధ్యలో సందు దొరికితే చాలు, అందులో దరువు కూరేవాడు. ఒకరోజు అక్కడి పెద్ద హాలులో ఆర్కెస్ట్రా కచేరీ చూశాడు. డెబ్బై మంది వాయిస్తున్నారు, వెనకాల డ్రమ్ము మనిషి మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి అందరూ ఆగిపోయారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడా పెద్దమనిషి లేచి ఒకే ఒక్క దెబ్బ వేశాడు. జిలానీకి ఒళ్లు జలదరించింది. తానిన్నేళ్లు చెయ్యి నొప్పెట్టేలా బాది సాధించనిది ఈయన కూర్చునే సాధించాడే! ఆ వారమే డ్రమ్ములు అమ్మేసి, స్వరాలు రాయడం నేర్పమని ఒక గోవా మాస్టారి కాళ్లు పట్టుకున్నాడు.

1987లో ఊరికి తిరిగొచ్చాడు. కామారెడ్డిలో డెబ్బై మంది ఎక్కణ్నుంచి వస్తారు? మార్కండేయ పెళ్లి బ్యాండు దొరికింది. అందులో క్లారినెట్లు, బూరలు, పెద్ద డ్రమ్ముకు మైసన్న ఉన్నారు. ఎల్లారెడ్డి చర్చిలో వయొలిన్ వాయించే లిదియా టీచరు కూడా ఒప్పుకుంది. బియ్యం మిల్లు గోదాములో తలుపులు మూసుకుని సాధన చేశారు. సంగీతం సరిగ్గా సగానికి వచ్చాక అందరూ ఆగిపోవాలి. చాలాసేపు చప్పుడుండదు. తర్వాత జిలానీ చెయ్యి దించగానే మైసన్న ఒక్క దెబ్బ వెయ్యాలి.

"గంతసేపు ఊకె నిలబడితే మంది ఏమనుకుంటరు భాయ్?" అని మైసన్న అడిగాడు.

"మైమరిచిపోతరు" అన్నాడు జిలానీ.

ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి బ్యాండు మోత మసీదు ముందర ఆగుతుంది, పీనుగున్న ఇంటి ముందర ఆగుతుంది. మరెక్కడా ఆగదు. బొంబాయి నీళ్లు తాగి జిలానీ ఆ మర్యాద మరిచిపోయాడు. గోదాములో వాయించినవాళ్లకు వీధి గుర్తు రాలేదు.

ఎల్లారెడ్డిలో ఎదుర్కోళ్లు బయలుదేరాయి. పెళ్లికొడుకు వాళ్లు గాంధారి నుంచి ట్రాక్టర్ మీద వచ్చి ఊరి బయట ఆగారు. వాళ్లను తోడుకొని రావడానికి ఆడపిల్లవాళ్లు బ్యాండుతో నడుస్తున్నారు. జిలానీ ముందు నిలబడి, వెనక్కి నడుస్తూ, చేతులూపుతున్నాడు. సంగీతం సగానికి వచ్చేసరికి ఊరేగింపు సరిగ్గా గౌరవ్వ ఇంటి ముందుకు వచ్చింది. గౌరవ్వ సిద్ధిరాములుకు చిన్నమ్మ, ఆయన బాబాయి భార్య. చలికాలం నుంచీ మంచం దిగలేదు. ఇంట్లోవాళ్లంతా పెళ్లి పనుల్లో ఉన్నారు.

జిలానీ చెయ్యెత్తాడు. బ్యాండు ఆగింది.

ముందున్న మనిషి చెప్పులు విడిచాడు. పక్కనున్నాయన తల మీది రుమాలు తీశాడు. ఊరేగింపులో నడుస్తున్న చంద్రవ్వ గుండె బాదుకుంది.

"అయ్యో గౌరవ్వా! మనుమరాలి పెండ్లి చూడకుంటనే పోతివా!"

ఇక ఆడవాళ్లందరూ అందుకున్నారు. కళ్లు మూసుకుని నిలబడ్డ జిలానీ చెవిన ఆ ఏడుపులు పడ్డాయి. అల్లా, ఏడుస్తున్నారు! తన సంగీతానికి ఎల్లారెడ్డి ఏడుస్తోంది! ఆయన కళ్లు కూడా తడిశాయి. అంత గొప్ప ఘడియను తొందరగా ముగించడానికి మనసొప్పక చెయ్యి ఇంకా పైకెత్తాడు.

అదే కొంప ముంచింది. సిద్ధిరాములు పరుగెత్తుకొచ్చి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఒక్కింటి పాలోళ్లం, మాకు మైల పడె! ఇప్పుడు పెండ్లెట్లయితది?" అని ఏడ్చాడు. అయ్యవారు పంచాంగం మూసి చంకలో పెట్టుకున్నాడు. చావు కబురు ఊరి బయటికి పాకగానే గాంధారి ట్రాక్టర్ వచ్చిన దారినే మళ్లింది. పాడెకు వెదుళ్లు కావాలని ఎవరో పుణ్యాత్ములు పెళ్లి పందిరి గుంజలు పీకడం మొదలుపెట్టారు. లోపలికి వెళ్లి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

జిలానీ తృప్తిగా చెయ్యి దించాడు. మైసన్న అప్పటిదాకా ఆపుకున్న బలమంతా పెట్టి కొట్టాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. కర్ర పట్టుకుని గడపలో గౌరవ్వ!

"ఎవడ్రా వాడు? కన్నంటుకుంటే పిడుగేసిండు! ఏంది గీ ఏడుపులు, ఎవలు సచ్చిన్రు?"

చంద్రవ్వ గబగబా కళ్లు తుడుచుకుంది.

"ఎవ్వలు సావలేదవ్వా, అది నా సంగీతం" అన్నాడు జిలానీ, ఇంకా ఆ లోకంలోంచి దిగకుండానే.

సిద్ధిరాములు ఆయన గల్లా పట్టాడు. "సంగీతమా! నా బిడ్డ పెండ్లి ఆగబట్టె, ట్రాక్టర్ మళ్లిపాయె!"

"వాణ్ని ఇడువురా!" అని గౌరవ్వ కర్ర ఆడించింది. "నన్ను పాడె ఎక్కియ్యనీకె గుంజలు పీకిన్రా? ఆగుర్రి, నేనే పెండ్లికొస్తున్న. ఏయ్ బ్యాండోడా, కొట్టు! ఆపినవంటే కాళ్లిరగ్గొడత!"

ఎవరో చిన్న డ్రమ్ము తెచ్చి జిలానీ మెడలో వేశారు. చేసేదేముంది? ట్రాక్టర్ వెనక రోడ్డంతా ఉరుకుతూ వాయించాడు. ఒక్క సందు మిగల్చకుండా, బొంబాయిలో వాయించినట్టే వాయించాడు. ఆ మోత విని గాంధారివాళ్లు ట్రాక్టర్ ఆపి, సంగతి తెలుసుకుని వెనక్కి వచ్చారు. పెళ్లి జరిగింది. గౌరవ్వ మొదటి బంతిలో కూర్చుని భోంచేసింది.

లిదియా వయొలిన్ పెట్టెలో పెడుతూ "ఇంక సగం వాయించేది మిగిలింది గదన్నా" అన్నది. ఆ మాటకు జిలానీకి దుఃఖం ఆగలేదు. అన్నం ముట్టకుండా బస్సెక్కాడు.

తర్వాత ఒక పొద్దున ఫొటో స్టూడియోకు వెళ్లడానికి తల దువ్వుకుంటున్నాడు. రఫియా ఒక్క మాట దెప్పలేదు, చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. ఆమె దెప్పకపోవడమే ఆయనకు ఎక్కువ బాధగా ఉంది. అంతలో బీబీపేట నుంచి లింగం అనే రైతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ మేళానికి ఎల్లారెడ్డిల గౌరవ్వ మంచం దిగి నడిచిందట గద భాయ్! మా బాపు గూడ ఎన్నడో మంచం పట్టిండు. గది మళ్లొకసారి మా ఇంటి ముందర పెట్టాలె."

రఫియా గబుక్కున బయటికొచ్చింది. "మళ్లొకసారి అన్నడు! ఇంక దుబాయ్ మాట నేనెత్తను!" అన్నది. జిలానీ లింగం చేతులు పట్టుకున్నాడు.

"మొదటి నుంచి కొస దాకా వాయిస్తం లింగన్నా! మొత్తం వినాలె!"

లింగం మొహమాటంగా నెత్తి గోక్కున్నాడు. "మొత్తమెందుకు భాయ్, మీకు యాష్ట, చేతులు నొస్తయి. నడుమ ఊకె నిలబడేది ఉన్నది చూడు, గదొక్కటి చాలు."

ఆ ఏడాదంతా రామారెడ్డి నుంచి గాంధారి దాకా జిలానీ మేళానికి పిలుపులే పిలుపులు, వాయించకుండా నిలబడటానికి.