మా చర్చి నేల నున్నబడిన వైనం

చేత్తో చేసిన వస్తువంత ప్రమాదకరమైనది లోకంలో మరొకటి లేదు!

మిషను చేసిన వస్తువు పోతే ఇంకొకటి తెచ్చుకుంటాం, మరిచిపోతాం. చేత్తో చేసింది పోతే మనుషులు ఏడుస్తారు. ఏడుపు దేశాభివృద్ధికి ఆటంకం కాదా? అందుకే ఈ 1964లో మన నెల్లూరు జిల్లా దాకా దయచేసిన మిషను టైల్సుకు మనసారా స్వాగతం పలుకుతున్నాను.

రోము సామ్రాజ్యంలో రెండు వేల ఏళ్ళ కిందటే రంగురాళ్ళ ముక్కలు పేర్చి నేల మీద బొమ్మలు వేశారట. దాన్నే మొజాయిక్ అంటారట. రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి. ఆ నేలల మీది చేపలూ పక్షులూ మాత్రం ఇంకా అలాగే ఉన్నాయట! ఎంత మొండితనం! కొత్త నేల వేసుకునే భాగ్యం లేక ఎన్ని తరాల వాళ్ళు కుమిలిపోయారో!

మా ఊరికీ ఆ పీడ తగులుకుంది. మాది విడవలూరు అవతల, సముద్రపు హోరు వినపడే పల్లె. పదేళ్ళ కిందట మా చర్చిలో ప్రసంగ వేదిక ముందు నేల పెచ్చులూడిపోతే, బాగుచేయడానికి తాపీమేస్త్రి హజరత్తయ్య వచ్చాడు. సున్నం మెత్తి వెళ్ళిపోవచ్చు కదా? వెళ్ళలేదు.

"ఇళ్ళల్లో పగిలిన పింగాణీ ఏమన్నా ఉంటే తెచ్చీండమ్మా" అన్నాడు.

ఊరంతా పగిలిన కప్పులూ సాసర్లూ తెచ్చి పోసింది. ఆల్చిప్పలు సముద్రమే ఇచ్చింది. ఒక్కొక్క ముక్కనూ గోరంత చేసి, బొటనవేలితో అదిమి, మూడు నెలలు కూర్చుని ఒక పడవ, ఒక వల, వల నిండా చేపలు వేశాడు. బైబిల్లోని గలిలయ సముద్రమన్నాడు గానీ పడవ మాత్రం అచ్చం మా రేవులోదే!

ఆ సముద్రపు అలల నీలమంతా మా ఊరి రెబెక్కమ్మది. ఆమె భర్త హెబ్రోను మద్రాసు నుంచి తెచ్చుకున్న నీలం పళ్ళెంలోనే రోజూ అన్నం తినేవాడు. ఆయన చనిపోయిన ఏడాదే అది చెయ్యిజారి పగిలింది. పారెయ్యలేక పెట్టెలో దాచుకున్న ఆ ముక్కల్ని మేస్త్రి చేతిలో పోసింది.

ఫలితమేమిటి? ప్రసంగం సాగుతుంటే ఆడవాళ్ళు తమ కప్పు ఎక్కడుందో వెతుక్కునేవాళ్ళు. రెబెక్కమ్మ ఆరాధన అయ్యాక కాసేపు అలల దగ్గర ఆగి వెళ్ళేది. భక్తికి ఇంతకన్నా విఘాతముందా?

దేవుడి దయవల్ల మా కమిటీ పెద్ద జయకుమార్ గారు మద్రాసులో ఒక హోటల్లో కాఫీ తాగి వచ్చారు. "ఆ నేలలో మన మొహం కనపడతాదయ్యా! మన చర్చికీ అట్టాంటిదే ఎయ్యాల" అన్నారు. చర్చికి వచ్చేది ఎవరి మొహం వాళ్ళు చూసుకోవడానికే కదా! కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆ టైల్సు పేరేమిటో తెలుసా? మొజాయిక్ టైల్సు! మొజాయిక్ వెయ్యడానికి మొజాయిక్ పగలగొట్టాలి. అభివృద్ధి అంటే ఇదీ!

సోమవారం పొద్దున కూలీలు గడ్డపారలతో వచ్చేసరికి రెబెక్కమ్మ ఆ పడవ బొమ్మ మీద కూర్చుని ఉంది.

"లెయ్యమ్మా, పని చెడతాది" అన్నారు జయకుమార్ గారు.

"నేను లెయ్యను. మా ఆయన అన్నం తిన్న పళ్ళెమయ్యా ఇది. దీని మీద గడ్డపార ఏస్తారా?"

ఆమెకు నచ్చచెప్పమని హజరత్తయ్యను పిలిపించారు. ఆయన వచ్చి, తన బొమ్మను చివరినుంచి చివరిదాకా ఒకసారి చూశాడు. ఎవరితోనూ పోట్లాడలేదు. ఆమె పక్కన చతికిలబడి, సంచిలోంచి చిన్న ఉలి తీశాడు.

"అక్కా, కొంచెం జరుగు. నీ నీలం నేను తీసిస్తా."

మధ్యాహ్నం దాకా ఒక్కొక్క ముక్కే ఊడదీసి ఆమె చెంగులో వేశాడు. వేళ్ళు చీరుకుపోయాయి. ఆమె లేచి వెళ్ళాక, పడవనూ చేపలనూ కూలీలు గంటలో ముగించారు. మూడు నెలల పని గంటలో! మిషను యుగపు వేగమంటే మాటలా?

కొత్త నేల అద్దంలా వచ్చింది. వానాకాలం మొదటి ఆదివారం తడికాళ్ళతో లోపలికొచ్చిన పదకొండుమంది జారిపడ్డారు. అందరికన్నా ముందు జయకుమార్ గారు! మోకరించండి, మోకరించండి అని పాస్టర్లు ఏళ్ళ తరబడి చెప్పినా వినని వాళ్ళు ఒక్క పూటలో సాష్టాంగపడ్డారు. ఆ మరుసటి వారమే నేలంతా ఈతచాపలు పరిచాం. ఇప్పుడు ఆ టైల్సు ఎవరికీ కనపడవు. క్షేమంగా ఉన్నాయి.

హజరత్తయ్య ఆ నీలం ముక్కలతో రెబెక్కమ్మ ఇంటి అరుగు మీద ఒక అల వేసిచ్చాడని తెలిసి మొన్న వెళ్ళాను. అరుగు మీద చాలాసేపు నిలబడి చూశాను.

"బాగుందా అన్నా?" అంది రెబెక్కమ్మ.

"బాగుందమ్మా."

"ఆ రోజు కమిటీలో నువ్వు కూడా ఒప్పుకున్నావంట గదా?" కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే.

పైన రాసిన వాదనంతా ఆమెకు చెప్పుకోవడానికే తయారుచేసుకున్నాను. అక్కడ చెప్పింది మాత్రం ఒక్క ముక్కే: "ఒప్పుకున్నానమ్మా."