నిద్రపోయే బోర్డు, నిద్రపోని మొగుడు

చిన్న చిన్న కంప్యూటర్ బోర్డులు తయారుచేసే కంపెనీలో అతను ఇంజినీరు. పని లేనప్పుడు బోర్డుని నిద్రపుచ్చడం, పని పడగానే లేపడం అతనికి కొట్టిన పిండి. ఇంట్లో తన నిద్ర ఒక్కటే చెల్లుబాటు కావడం లేదు.

ఆదివారం తను వాళ్ళక్క ఇంటికి వెళ్తాననీ, తిరిగొచ్చేలోగా అటక సర్దమనీ భార్య రెండు రోజుల ముందే చెప్పింది. పెళ్ళైనప్పటి నుంచీ ఆ అటక ఎక్కిన సామానే గాని దిగిన సామాను లేదు. అతను బుద్ధిగా తలూపాడు.

ఆదివారం ఆవిడ వీధి మలుపు తిరగ్గానే గేటుకో స్విచ్చి బిగించి, తీగ లాక్కొచ్చి బోర్డు అంచునుండే పిన్నుల్లో ఒకదానికి కలిపాడు. గేటు కదిలితే పిన్నుకి కబురొస్తుంది, బోర్డు లేస్తుంది, దిండు కింద బజర్ మోగుతుంది, ఆవిడ గడప తొక్కేసరికి తను నిచ్చెన మీదుంటాడు. బోర్డుని నిద్రపుచ్చి, పక్కనే తనూ ఒరిగాడు.

కన్ను మూతపడిందో లేదో బజర్ మోగింది. ఒక్క ఉదుటున నిచ్చెనెక్కి, పనిచేస్తున్నట్టు కనబడాలని ఓ ట్రంకుపెట్టె దింపాడు. తీరా చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు.

పిన్నుకి కరెంటు ఆధారమేదీ ఇవ్వకుండా గాల్లో వదిలేశాను, అందుకే ఊరికే ఉలిక్కిపడుతోంది అనుకున్నాడు. కుదురుగా ఉంటుందని ఓ రెసిస్టర్ తగిలించాడు. మళ్ళీ మోగింది. విరిగిన కుర్చీ దిగింది. గేటు మూసినప్పుడు కాదు, తెరిచినప్పుడే లేవమని సెట్టింగు మార్చాడు. పాత పరుపు దిగింది. గాలికి కదిలితే లేవొద్దు, కాసేపు తెరిచి ఉంటేనే లేవమన్నాడు. దుప్పట్ల మూట దిగింది.

ఆఫీసు మిత్రుడికి ఫోన్ చేసి మొరపెట్టుకుంటే, పిన్నే పోయి ఉంటుంది, ఇంకోదానికి మార్చమన్నాడు. మార్చాడు. సాయంత్రానికి అటక మీద బూజు తప్ప ఏమీ మిగల్లేదు. దాని పని పడుతుండగా భార్య వచ్చింది.

అటకనీ, దుమ్ము కొట్టుకుపోయిన మొగుడినీ చూసి తెగ మెచ్చుకుంది. అంతలో దిండు కింద మళ్ళీ బజర్.

"ఈ పిన్నుతో చచ్చిపోతున్నాను," అన్నాడతను ఒళ్ళు మండి.

"పిన్నుకేమండీ, బంగారం లాంటిది. నేనొచ్చేశానని పక్కింటి పిన్నికి చెప్పడం మర్చిపోయాను."

రెండు రోజులుగా అతను గేటు చుట్టూ తిరుగుతూ తీగ కొలుస్తుంటేనే ఆవిడకి సంగతి అర్థమైందట. వీలైనప్పుడల్లా మా గేటు కాసేపు తీసి, మళ్ళీ మూసి గోడ చాటుకి తప్పుకోండి పిన్నీ అని అప్పజెప్పి మరీ వెళ్ళిందట.

తీగ పీకేద్దామని అతను తలొంచుకుని బయటికి నడిచాడు. పిన్ని ఇంకా గేటు గడియ మీద చెయ్యేసుకునే ఉంది. దొరికిపోయానన్న బెరుకేమీ లేదావిడకి.

"పీకేస్తే ఆ బజర్ ఇటిచ్చెయ్ నాయనా," అంది నెమ్మదిగా. "మా ఆయన కూడా భోంచేసిన దగ్గర్నుంచీ పడుకునే ఉన్నారు."