నలభై ఆరో నంబరు ఫ్రేము

మిల్లు మూతపడ్డాక యంత్రాలకి వేలంలో గిరాకీ వచ్చింది గానీ వాటి చప్పుడుని కొనేవాళ్ళెవరూ రాలేదు కాబట్టి, అది ఎవరి చెవుల్లో ఉందో వాళ్ళే భద్రపరచాలని కార్మికులందరికీ ఉత్తర్వులు అందాయి.

ఉత్తర్వులో తప్పుపట్టడానికేమీ లేదు. గోనెసంచులు నేసే ఆ జనపనార మిల్లులో షెడ్డు రేకుల దగ్గర్నుంచి క్యాంటీను బల్లల దాకా అన్నీ అమ్ముడుపోయాయి. మిగిలింది చప్పుడొక్కటే. సర్కారు స్వాధీనం చేసుకున్న సొత్తుని గాలికొదిలెయ్యడం నిబంధనలకి విరుద్ధం. స్పిన్నింగులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన అసిరమ్మకి కుడిచెవిలో ఆమె నడిపిన నలభై ఆరో నంబరు ఫ్రేము, అంటే నార వడికే యంత్రం, ఎడమచెవిలో దాని బెల్టు, మొత్తం తొంభై ఐదు పాళ్ళు, మంచి స్థితిలో అప్పగించినట్టు రసీదు వచ్చింది. చదువు రాదు గనక వేలిముద్ర వేసింది.

ఫ్రేము చెవిలో బాగానే తిరిగేది. కళ్ళు మూసుకుంటే ఇంట్లో నార ధూళి సన్నగా, బంగారు రంగులో రాలేది. పొయ్యి మీద, మంచం మీద, మొగుడి భుజాల మీద కూడా రాలేది. చూడ్డానికి బావుండేది. అయినా అసిరమ్మకి ఏడుపొచ్చేది, ఎందుకంటే ఆ ధూళి వెనకాల మొగుడు బంగారయ్య పెదాలు కదిలేవి, మాట మాత్రం వినిపించేది కాదు.

బంగారయ్య రిజిస్ట్రారాఫీసులో పాత దస్తావేజులు కుట్టేవాడు. ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదని నమ్మిన మనిషి. దేవుడు ఆయనకి గొంతు ఇచ్చాడు గానీ అందులో గాలి కొట్టడం మర్చిపోయాడు. పెళ్ళయిన ఏడాది, ఆమె మిల్లు నించి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన ఏదో అన్నాడు. ఆమె “ఏటీ?” అంది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ “ఏటీ?” అంది. మూడోసారి చెప్తే పోట్లాటలా ఉంటుందని ఊరుకున్నాడు. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి ఆ మాట ఆయన పెదాల దాకా వచ్చి తిరిగి వెళ్ళేది. రాసిస్తే ఆమె చదవలేదు. ఇంకొకరి చేత చదివించుకునే మాట కాదాయె. మంచిమాటే అయ్యుంటుందని అసిరమ్మ నమ్మకం. చెడ్డమాటైతే ఇన్నాళ్ళు ఎవరు దాచుకుంటారు?

ఆ మాట వినాలనే ఆమె ఆరోగ్యకేంద్రానికి వెళ్ళింది. అక్కడి నర్సమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, ఫ్రేము బయటికి రాదనీ, మచ్చిక చేసుకోవాలనీ చెప్పి ఒక బొమ్మల చార్టు ఇచ్చింది. అసిరమ్మ దాన్ని కేలండరు పక్కన మేకుకి తగిలించి తు.చ. తప్పకుండా పాటించింది. రోజుకి నాలుగు గ్లాసుల టీ ఒక్కటయ్యింది. ఎండుచేపలు, ఉప్పు తగ్గాయి. చెవిలో పిన్నీసు పెట్టి తిప్పుకునే సుఖానికి స్వస్తి చెప్పింది. పూర్తి నిశ్శబ్దంలో ఫ్రేము రెచ్చిపోతుందని చలికాలంలో కూడా ఫాను వేసింది, రేడియో సన్నగా పెట్టింది. డీజే ఊరేగింపు వస్తే చెవుల్లో దూది పెట్టుకుంది. సాయంత్రాలు రైలుగేటు దాకా నడిచింది, వేళకి పడుకుంది. ఫ్రేము గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని తిట్టకుండా, పప్పు ఉడుకుతున్న చప్పుడు మీదికి మనసు మళ్ళించింది.

నాలుగు నెలలకి ఫ్రేము పక్క ఊళ్ళో ఎవరిదో అన్నంత దూరం జరిగింది. ధూళి పల్చబడింది. బల్లి పలికింది. బంగారయ్య సూదిలోంచి దారం జారే చప్పుడు వినబడి అసిరమ్మ ఆనందం పట్టలేక నవ్వేసింది. ఆయన కుట్టుపని పక్కన పెట్టి, ఆమె ఎదురుగా కూచుని, గొంతు సవరించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే శబ్దనిల్వల తనిఖీదారు వచ్చాడు. చెప్పులు గుమ్మంలో విడిచి, నిబంధన ప్రకారం తన చెవి ఆమె చెవికి ఆనించి చాలాసేపు విన్నాడు.

“తొంభై ఐదు ఉండాలమ్మా. నలభయ్యే ఉంది. మిగతాది ఏం చేశారు?”

“నానేటీ సెయ్నేదు బావూ. టీ మానీసినాను.”

“ఉప్పు?”

“తగ్గించినాను.”

“నిద్ర?”

“పడతంది.”

తనిఖీదారు బాధగా తలాడించి ‘బుద్ధిపూర్వకం’ అని రాసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. రెండు దార్లున్నాయని ఓపిగ్గా వివరించాడు. ఒకటి, అసిరమ్మ మళ్ళీ నాలుగు గ్లాసుల టీ తాగుతూ, దిగులు పడుతూ, నిద్ర మానేసి, ఫాను ఆపేసి కూచుంటే పదిరోజుల్లో సొత్తు యథాస్థితికి వస్తుంది. రెండోది, తగ్గిన యాభై ఐదు పాళ్ళు ఇంట్లో ఇంకొకరి చెవిలో జమ చేసుకోవచ్చు. చాలా ఇళ్ళలో పిల్లల పేరున రాయించుకుంటున్నారట.

“టీ తాగుతాను బావూ,” అంది అసిరమ్మ కంగారుగా. “ఆయన్నొగ్గీయండి. ఆ సెవులు ఏ మిల్లూ ఎరగవు.”

ఆమె మాట పూర్తయ్యేలోగా బంగారయ్య తన చెవిలో జమకి సంతకం చేసేశాడు. ఆఫీసులో పనిచేసిన చెయ్యి, సంతకం దగ్గర తడబడదు. చెవిలో నీళ్ళు పోయినవాడిలా తల ఒక పక్కకి వంచి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నార ధూళి ఇప్పుడు ఆయన కళ్ళ ముందు రాలుతున్నట్టుంది, చేత్తో తుడుచుకున్నాడు. తన గొంతు తనకే వినపడక, మిల్లు మనుషులందరూ మాట్లాడినట్టే, వీధి వీధంతా వినేలా అరిచాడు.

“ఆ మిల్లుపని మానీసెయ్యే అసిరీ! నీ సెవులు పోతాయి!”

అసిరమ్మకి ఒక్క అక్షరం కూడా పోకుండా వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అది ఫిర్యాదా?” అడిగాడు తనిఖీదారు, కలం పట్టుకుని.

“కాదు బావూ. పాతమాట.”

“పాతమాటలకి ఇందులో గడి లేదమ్మా.”

బంగారయ్య ఇంకా ఆమె మొహంలోకే చూస్తున్నాడు, జవాబు కోసం. మిల్లు మూతపడిందని ఆమె ఆయనకి గుర్తు చెయ్యలేదు. ఇప్పుడు చెప్పినా ఆయనకి వినపడదు. రేపట్నించి మానేస్తానన్నట్టు మెల్లగా తలూపింది. ఆ తలూపడాన్నే వచ్చే ఆర్నెల్ల నిల్వకి సమ్మతిగా రాసుకుని, తనిఖీదారు చెప్పులేసుకుని పక్కింటి తలుపు కొట్టాడు.